అక్క మిగిల్చిన కొన

మా అక్క పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, ధర్మవరంలో, తన గదిలో, కంప్యూటరు ముందున్న కుర్చీలోనే పోయింది. పాలు ఇవ్వడానికి వచ్చిన పక్కింటావిడ చూసి, హిందూపురంలో ఉన్న మా అన్నకు ఫోను చేసింది. అన్న పెనుకొండలో ఉన్న నాకు చేశాడు. రెండేళ్ళుగా మా ఇద్దరికీ సరైన మాటల్లేవు. ఫోను ఎత్తగానే, "పాపా, ప్యాసింజరు ఎక్కు" అని మాత్రం అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

రైలు పెనుకొండకు వచ్చేసరికి అన్న ఎప్పుడూ కూర్చునే పెట్టెలోనే, కిటికీ పక్కన ఉన్నాడు. ఎదుటి సీటు మీద తువ్వాలు పరిచి నాకు చోటు పట్టి ఉంచాడు. ఒకప్పుడు ప్రతి ఆదివారం ఇలాగే పోయేవాళ్ళం. అన్న హిందూపురంలో ఎక్కేవాడు, నేను పెనుకొండలో ఎక్కేదాన్ని, ధర్మవరంలో దిగేలోపు కథ గురించి ఒక పోట్లాట అయిపోయేది. మిగిలిన పోట్లాట అక్క ఇంట్లో. ఆ రోజు రైలు కదిలాక అన్న తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "అక్క లేదు" అన్నాడు.

మీలో కొందరు మా సినిమాలు చూసి ఉంటారు. చూడకపోయినా తప్పేమీ లేదు, ఉన్నవి మూడే. ఒక్కొక్కటి గంట, గంటంపావు. వాటిలో హీరోలు లేరు, పాటలు లేవు. చేనేతవాళ్ళ కల్యాణమంటపంలో, బళ్ళలో, కొన్ని ఊళ్ళ సంఘాల హాళ్ళలో ఆడాయి. తర్వాత ఫోనుల్లోకి పోయాయి. మా కంపెనీ అంతా కలిపి మేం ముగ్గురం తోబుట్టువులమే. హిందూపురంలో ఫోటో స్టూడియో నడిపే అన్నది కెమెరా, దర్శకత్వం. పెనుకొండలో తెలుగు పంతులమ్మనైన నావి కథ, మాటలు, శబ్దం. అక్కది ఎడిటింగు. అంటే అందరికంటే చివరి మాట అక్కది.

మొదటి సినిమాకు పేర్లు రాసేటప్పుడు తెలుగు పంతులమ్మ పాండిత్యం ఊరుకోదు కదా, "కూర్పు" అని రాసి అక్క పేరు పెట్టాను. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. అది తీసేసి "అతుకు" అని రాయమంది. అతుకు అంటే చిరుగుకు వేసే అతుకని అనుకుంటారు, నవ్వుతారు అని నేను వాదించాను. "నవ్వనీలే. నేను చేసేది అదే కదా" అంది. నిజంగానే నవ్వారు. ఒక హాల్లో ఒకాయన లేచి అచ్చుతప్పు ఉందని చెప్పాడు. అక్క చేతులు జోడించి, "అచ్చు తప్పలేదప్పా, అచ్చు అతికింది" అంది. ఆయనకు అర్థం కాలేదు. ధర్మవరంవాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఎందుకో చెబితేగాని మా అక్క ఎవరో మీకు తెలియదు. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. అక్క పదేళ్ళప్పటి నుంచి అచ్చు అతికేది. మగ్గం మీద చీరలు నేయడం అయిపోయాక పడుగును, అంటే నిలువు పోగులను, మొదలంటా కోసి తీసెయ్యరు. పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటిది అచ్చు; పాత పోగుల కొనలు జానెడు ఆ అచ్చులోనే వదిలిపెడతారు. కొత్త పడుగు వచ్చాక పాత పోగు కొనకు కొత్త పోగు కొన చేర్చి వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. అలాంటి పోగులు వేలు. పట్టు జారకుండా వేళ్ళకు విబూది అద్దుకుంటారు. పాత కొన అచ్చులో లేకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కో పోగునూ అచ్చు సందుల్లోంచి కొత్తగా దూర్చుకుంటూ రావాలి. అందుకే మా నాయన, మగ్గాన్ని బోడి చేయగూడదు అనేవాడు. ఎంత అవసరమొచ్చినా, ఎంత కోపమొచ్చినా ఆ జానెడు కొన కోసినవాడు కాదు.

ఆ పనిలో అక్క నేర్చుకున్న సూత్రం ఇంకోటి ఉంది. అతికేచోట నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. ఎవరి చేతిలోనైనా పోగు తెగితే, ఎవరు తెంపారో వాళ్ళే వెతికి ముడి వెయ్యాలి. పక్కవాళ్ళు సాయం చేయకూడదు. చేస్తే తెంపినవాళ్ళకు వేలు కుదరదట. "తెంపినోళ్ళే ముడేయల్ల" అనేది అక్క. ఇంట్లో గ్లాసు పగిలినా ఇదే మాట, అన్నా నేనూ పోట్లాడుకున్నా ఇదే మాట. చిన్నప్పుడు ఇది వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు వినాలని ఉంది.

నాయన పోయాక అక్క పెళ్ళి వీడియోలు మిక్సింగు చేసే ఒక అంగట్లో చేరింది. కంప్యూటరు పక్కన కూడా చిన్న డబ్బాలో విబూది పెట్టుకుంది. మౌసు ముట్టుకునే ముందు బొటనవేలికి, చూపుడువేలికి అద్దుకునేది. ఎప్పుడు చూసినా ఆ మౌసు తెల్లగా ఉండేది. దేవుడి గదిలో పెట్టాల్సింది ఇక్కడ పెట్టావేమని అన్న ఎగతాళి చేస్తే, చెయ్యి జారితే దేవుడొచ్చి అతుకుతాడా అని అడిగింది.

పెళ్ళి వీడియోల్లో అక్కకు ఒక పిచ్చి ఉండేది. పెళ్ళికూతురి తల్లి ఒక్కసారైనా కూర్చున్నట్టు కనబడాలి. మీరెప్పుడైనా చూడండి, పెళ్ళి వీడియోలో ఆమె ఎప్పుడూ నిలబడే ఉంటుంది, లేకపోతే ఎటో పోతూ ఉంటుంది. అక్క గంటలకొద్దీ వెతికి, ఎక్కడో భోజనాల దగ్గర అర నిమిషం కుర్చీ అంచున కూర్చున్న ముక్క పట్టుకుని, అప్పగింతల ముందు అతికేది. ఎవరూ అడగలేదు. ఎవరైనా గమనించారో లేదో కూడా తెలియదు. అక్క తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకు, "వారానికి రెండు పెండ్లిండ్లు చేస్తాండా, ఇంగా ఎన్ని చేయల్ల?" అని జవాబు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా మేనత్తలు మూతి తిప్పుకునేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళ పెళ్ళి వీడియోలు మాత్రం అక్కే చేయాలి.

సినిమా తీద్దామన్నది అన్న. కథ రాస్తానన్నది నేను. చేద్దాం అన్నది అక్క. ఆ మూడో మాట లేకపోతే మొదటి రెండూ ఇంకా రైల్లోనే తిరుగుతుండేవి.

మొదటి సినిమా పెళ్ళిళ్ళకు వంట చేసే ఒకామె గురించి. చివరి షాటులో, పెళ్ళి అయిపోయిన ఇంటి వెనక, కడిగిన గుండిగను ఆమె బోర్లించి వెళ్ళిపోతుంది. అన్న కెమెరా వెనక నుంచి కట్ అన్నాడు. ఎన్నడూ షూటింగు దగ్గర నోరు మెదపని అక్క ముందుకొచ్చింది. "కట్ ఏంది? ఎవరు కోయమన్న్యారు? ఉండనీ" అంది. ఏముంది ఇంకా అని అన్న విసుక్కున్నాడు. వంటామె వెళ్ళిపోయింది, ఖాళీ గుండిగ తప్ప ఏమీ లేదు. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది. గుండిగ అంచు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి, ఆ తడి మట్టిలోకి పాకుతోంది. చాలాసేపటికి అక్క "చాలు" అంది.

సినిమాలో గుండిగ బోర్లించేదాకానే ఉంచింది. ఆ తర్వాతిది విడిగా దాచింది. దాన్ని కొన అంది. రెండో సినిమా ఇక్కడి నుంచే మొదలవ్వాలి అంది. అన్నా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. నేను అప్పటికే ఇంకేదో కథ రాసి పెట్టుకున్నాను. అది పక్కన పడేసి, ఆ నీటిచుక్కల దగ్గర పట్టుకుని ఆలోచిస్తే, హిందూపురం వీధుల్లో నీళ్ళ ట్యాంకరు తోలే ఒకాయన కథ వచ్చింది. దాని చివర ట్యాంకరు వెళ్ళిపోతుంది. దాని నీడలో పడుకున్న కుక్క లేచి నిలబడుతుంది. అక్కడికి సినిమా అయిపోయింది. కెమెరా మాత్రం అక్క "చాలు" అనేదాకా ఆగలేదు. ఆ కుక్క ఇంకో నీడ వెతుక్కుంటూ పోయి పోయి ఒక టైలరమ్మ అంగడి ముందు పడుకుంది. ఇంకేం, మూడో సినిమా టైలరమ్మది. కథ రచన నాదని పేరు గాని, ఆ కథ రాసింది కుక్కే.

ప్రతి కొనలోనూ చివర అక్క గొంతు వినబడేది. "చాలు" అని. శబ్దం నా పని కాబట్టి ఆ మాటను జాగ్రత్తగా తుడిచేసేదాన్ని. ఎక్కడ ఉందో చీటీ మీద రాసుకుని, ముందు గాలి, వెనక గాలి కలిపి, మధ్యలో అక్కను లేకుండా చేసేదాన్ని. బాగా తుడిచానని గర్వం కూడా. అప్పుడు తెలియలేదు.

ఇంక నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా అక్కను పొగిడితే అది దొంగ ఏడుపు అవుతుంది.

మూడో సినిమాలో టైలరమ్మ తన కూతుర్ని బట్టల ఫ్యాక్టరీ పనికి పంపిస్తుంది. సోమందేపల్లిలో బస్సు ఎక్కిస్తుంది. బస్సు కదలగానే సినిమా అయిపోతుంది. బస్సు పోవడం, రోడ్డు ఖాళీ కావడం కొనలో ఉంది. అక్క దాన్ని హార్డుడిస్కులో ఒక ఫోల్డరులో పెట్టింది. అక్కకు అప్పటికి కంప్యూటరులో తెలుగు కొట్టడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కె, ఓ, ఎన్, ఏ అని పేరు పెట్టింది.

ఆ సంవత్సరం మా బడి వార్షికోత్సవం. పిల్లల డాన్సులు, నాటకం అన్నీ నేనే చిత్రీకరించాను. దాచడానికి చూస్తే, శబ్దం పనికని నేను ఇంటికి తెచ్చుకున్న ఆ డిస్కులో చోటు లేదు. ఏది తీసేద్దామా అని చూస్తే కె, ఓ, ఎన్, ఏ కనబడింది. నేను దాన్ని కోన అని చదివాను. పెనుకొండ కొండ వెనక కోనలో ఒక రోజంతా తీసి, గాలిహోరు వల్ల పనికిరాక వదిలేసిన షాట్లు మాకున్నాయి. ఆ గాలిహోరు మీద నాకు పాత కక్ష. హమ్మయ్య, పీడ విరగడైందని తుడిచిపారేశాను. తెరిచి చూడలేదు. పిల్లల నోటుపుస్తకాల్లో ఒకటి రాసి ఇంకోటి చదివితే ఎర్రసిరాతో సున్నా చుట్టే పంతులమ్మను, కొనను కోన చేశాను. కెమెరా కార్డులు అన్న అప్పటికే వేరే పెళ్ళికి వాడేశాడు. ఇంకెక్కడా లేదు.

తర్వాతి ఆదివారం అక్క ఫోల్డరు వెతికింది. నేనే చెప్పాను, కోన అనుకున్నానని. అన్న కొట్టినంత పని చేశాడు. పిల్లకాయల గంతులకు మన సినిమా తుడిచేశావా అన్నాడు. నాకూ రోషం పొడుచుకొచ్చింది. బస్సు పోయే షాటే కదా, బంగారం కాదు కదా, మళ్ళీ పోయి తీస్తే పూటలో పని అన్నాను. రోజూ పోయే బస్సు రేపు పోదా అని కూడా అన్నాను. అక్క విబూది డబ్బా మూత పెట్టింది.

"మగ్గం బోడి ఆయ" అంది మెల్లగా.

కాసేపటికి అన్న చల్లబడి, బుధవారం తనే పోయి తీసుకొస్తానన్నాడు. అక్క వద్దంది. ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు.

"తెంపినోళ్ళే ముడేయల్ల."

అది తిట్టు కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను పనిలోంచి తీసెయ్యలేదని చెప్పడం అది. కాని ఆ రోజు నాకు దెబ్బలా తగిలింది. ఈ వయసులో కూడా గ్లాసు పగలగొట్టిన పిల్లలా చూస్తుందా అనుకున్నాను. పోతానన్నాను, పోలేదు. పరీక్షలన్నాను. ఎండలన్నాను. వానలన్నాను, మా వైపు ఏం వానలు! పెనుకొండ నుంచి సోమందేపల్లి ఎంత దూరమో ఆ దారి తెలిసినవాళ్ళను అడగండి, సిగ్గుతో నేను చెప్పలేను. అన్న నన్ను ఒకసారి అడిగాడు, రెండోసారి అడిగాడు, మూడోసారి అడగడం మానేసి మాట్లాడడమే మానేశాడు. ఆదివారం ప్యాసింజరు ఆగిపోయింది. అన్న మంగళవారాలు అక్క దగ్గరికి పోయేవాడు, నేను ఆదివారాలు పోయేదాన్ని, ఎదురుపడకుండా. నాలుగో సినిమా ఊసు లేదు. కొన లేకుండా అక్క మొదలుపెట్టదు, తెచ్చేదాకా నన్ను అడగదు, అడగందే నేను పోను. అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండేళ్ళలోనే అక్కకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. నాలుగు మెట్లెక్కితే నిలబడి ఆయాసం తీర్చుకునేది. అయినా పెళ్ళి వీడియోలు మానలేదు. నేను పోయేసరికి ఎవరో పెళ్ళికూతురి తల్లి కూర్చున్న ముక్క కోసం వెతుకుతూ ఉండేది. ఒక ఆదివారం తెర మీది నుంచి చూపు తిప్పకుండా, "ఆ దినం బస్సు యాడ నిలబడింది పాపా? టీ అంగడి ముందరనా, దాటినాకనా?" అని అడిగింది. నన్ను దెప్పుతోందనుకున్నాను. టీ అంగడి దాటాక, వేపచెట్టు దగ్గర అని చెప్పి, వేసవి సెలవుల్లో పోతానన్నాను కదా అని గొణిగాను. అక్క సరే అంది. ఇంకో మాట అడిగింది, ఎండ ఎటు నుంచి పడిందని. పొద్దుటి ఎండ, ఎడమ నుంచి అన్నాను. ఆ మాత్రానికి కూడా అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు కాఫీ గ్లాసు గట్టిగా పెట్టాను.

అక్క కెమెరా పట్టుకుని ఎరుగదు. మూడు సినిమాల్లో ఒక్క షాటు కూడా తీయలేదు. ఒకసారి అన్న బలవంతంగా చేతిలో పెడితే తిరిగిచ్చేసింది. "తీసినోళ్ళకు కోయబుద్ధి కాదప్పా. నేను కోసేదాన్ని, నాకొద్దు" అంది. కుక్క షాటు ఇంకో నిమిషం ఉంచమని అన్న బతిమాలినప్పుడల్లా ఈ మాటే చెప్పి చేతులకు విబూది అద్దుకునేది. ఎంత మంచి షాటైనా కన్నీళ్ళు పెట్టుకోకుండా కోసేది. కొనలో మాత్రం చెయ్యి పెట్టేది కాదు.

పదకొండో రోజు అయిపోయాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, అన్నా నేనూ అక్క గది సర్దడానికి కూర్చున్నాం. సర్దడానికి ఏముంది? నాలుగు చీరలు, మందులు, నాయన ఫోటో, కంప్యూటరు. ఇంకా ఇవ్వాల్సిన పెళ్ళి వీడియోలు రెండు ఉన్నాయని, అవి వాళ్ళకు చేర్చాలని అన్న కంప్యూటరు తెరిచాడు. విబూది డబ్బా మూత తీసే ఉంది. మౌసు మీద అక్క వేళ్ళ గుర్తులు తెల్లగా ఉన్నాయి. అన్న దాన్ని ముట్టుకోలేక నన్ను కూర్చోమన్నాడు.

పెళ్ళిళ్ళ ఫోల్డర్లకు పైన ఒక ఫోల్డరు ఉంది. దాని పేరు తెలుగు అక్షరాల్లో ఉంది. అక్కకు తెలుగు కొట్టడం ఎవరు నేర్పారో, ఎన్నాళ్ళు నేర్చుకుందో మాకు తెలియదు. "కొన - పాపది" అని రాసి ఉంది. ఈసారి నేను తప్పు చదవడానికి వీల్లేకుండా రాసింది.

అన్న వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాడు. నేను ఏడ్చాను. పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. జీవితమంతా తెంపినవాళ్ళే ముడి వెయ్యాలన్న మనిషి, నేను తెంపినదానికి తను ముడేసి, దాని మీద నా పేరు రాసిపెట్టింది. నా మొండితనం అంత మొండి మనిషిని ఓడించింది. ఇలాంటి గెలుపు పగవాళ్ళకు కూడా వద్దు.

పక్కింటావిడను అడిగితే చెప్పింది. ఒక నెల కిందట, తెల్లవారాక, చీరకొంగు చెవులకు చుట్టుకుని, ఫోను పట్టుకుని అక్క బస్సుకు బయలుదేరిందట. ఈ ఆయాసంతో యాడికని ఈవిడ అడిగిందట. చెల్లెలి పని ఒకటి ఉండాది అందట. మధ్యాహ్నం తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, సాయంత్రం దాకా పడుకుందట. నాకు చెప్పవద్దని మాత్రం చెప్పలేదట, నేను అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదట.

మొన్న ఆదివారం అన్నా నేనూ మళ్ళీ ప్యాసింజరు ఎక్కాం. చెన్నేకొత్తపల్లి వైపు మేకలు తోలే ఒకామె కథ ఉందని అన్న అంటే, కాదు బస్సులోనే ఎవరో ఉండాలని నేనన్నాను. ధర్మవరం వచ్చేదాకా పోట్లాడాం. నాలుగో సినిమా ఏదైనా, మొదటి షాటు మాత్రం అక్క తీసిందే. అది వణుకుతుంది. ఒక మూల అక్క వేలు అడ్డుపడి ఎర్రగా కనబడుతుంది. గాలిహోరు ఉంది, ఆయాసం ఉంది. శబ్దం బాగు చేస్తావా పాపా అని అన్న మెల్లగా అడిగాడు. చెయ్యనన్నాను. హాల్లో ఎవరైనా లేచి తప్పుందని చెబితే, చేతులు జోడించడం నేనూ నేర్చుకుంటాను.

గది సర్దిన రోజు ఆ షాటును, అక్క కుర్చీలో నేను కూర్చుని, మౌసు మీద చెయ్యి పెట్టి, అన్న వెనక నిలబడగా మొదటిసారి చూశాను. సోమందేపల్లి. టీ అంగడి దాటాక, వేపచెట్టు దగ్గర బస్సు నిలబడి ఉంది. పొద్దుటి ఎండ ఎడమ నుంచి పడుతోంది. జనం ఎక్కేశారు. కండక్టరు తలుపులో నిలబడి నేరుగా మావైపు, అంటే అక్క వైపు చూశాడు.

"ఏమ్మా, ఎక్కుతావా లేదా? ఇది పోతే ఇంగ గంట దాకా బస్సు లేదు."

ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత అక్క గొంతు.

"మీరు పోండప్పా. నాకు మీరు పోయేదే కావల్ల. నేను ఈడనే ఉంటా."

కండక్టరు ఒక్క క్షణం చూసి విజిలు ఊదాడు. బస్సు కదిలింది. అతను తలుపులోంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ముసలామె ఎండలో ఫోను ఎత్తి పట్టుకుని ఎందుకు నిలబడిందో అతనికి అర్థమై ఉండదు. బస్సు చిన్నదైంది, మలుపు తిరిగింది. దుమ్ము లేచింది. ఒక ఆటో అడ్డంగా పోయింది. నేను అలవాటు కొద్దీ చీటీ, పెన్ను దగ్గరికి లాక్కున్నాను, "చాలు" ఎక్కడ వస్తుందో రాసుకోవడానికి. అన్న కూడా దానికోసమే చూస్తున్నాడు. దుమ్ము అణిగింది. రోడ్డు మీద వేపచెట్టు నీడ తప్ప ఇంకేమీ లేదు. ఫోను వణుకుతూ, కిందికి జారుతూ, మళ్ళీ పైకి లేస్తూ ఆ ఖాళీ రోడ్డునే చూస్తోంది. చీటీ మీద నేనేమీ రాయలేదు. అక్క చాలు అనలేదు.